రెండో ప్రకటన

"ఆదివారం రెండో ప్రకటన చదవొద్దని ఫాదర్‌గారికి చెప్పేయండి" అన్నాడు శౌరయ్య, కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే.

మరియదాసు చేతిలో మంచినీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది. పోయిన ఆదివారమే భవానీపురం గుడిలో పూజ అయ్యాక మొదటి ప్రకటన చదివారు. ఇబ్రహీంపట్నం నతానియేలుకీ, మరియదాసు కూతురు వినీలకీ పెళ్ళి నిశ్చయమైందనీ, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పాలనీ. అలా మూడు ఆదివారాలు చదువుతారు. ఎక్కడైనా అభ్యంతరం చెప్పేది బయటివాళ్ళు. ఇక్కడ పెళ్ళికొడుకు మేనమామే, పెళ్ళికొడుకు తల్లిని వెంటబెట్టుకుని దిగాడు.

"ఏమైందండీ?" అన్నాడు మరియదాసు.

"మీ ఇంట్లోవాళ్ళనే అడగండి. గుణదల మొక్కు అన్నారు, గుండు చూసి నమ్మాం. మొక్కా అది? కాన్సర్ మందులకి ఊడిన జుట్టు! పోయిన మంగళవారం కాన్సర్ ఆసుపత్రిలో ఈవిడ పేరు పిలిస్తే లేచి లోపలికెళ్ళడం మా సంపూర్ణ కళ్ళారా చూసింది."

అందరూ మరియదాసు భార్య కృప తలవైపు చూశారు. జుట్టు ఇప్పుడిప్పుడే చెవుల దాకా వస్తోంది. శౌరయ్య చెల్లెలు, పెళ్ళికొడుకు తల్లి సంపూర్ణమ్మ మాత్రం నేల చూపులు చూస్తోంది.

అబద్ధం తప్పే. కానీ పెళ్ళీడు పిల్ల ఉన్న ఇంట్లో రొమ్ము కాన్సర్ అనే మాటని గడప దాటనిస్తారా ఎవరైనా? మేరీమాతకి తలనీలాలు ఇచ్చామంటే గుణదల చుట్టుపక్కల ఎవరూ మారు ప్రశ్న వెయ్యరు. ఆ ధైర్యంతోనే అన్నారు.

"దాచడం తప్పే అన్నయ్యగారూ. ఇప్పుడు ఏం అడిగినా చెబుతాను" అంది కృప.

"అడిగేదేముందమ్మా! తల్లికొచ్చింది పిల్లకి రాదా? వంశంలో ఉన్న జబ్బు."

గది గుమ్మంలోంచి వినీల గొంతు వినిపించింది. "నతానియేలుకి తెలుసండీ. ప్రధానానికి ముందే నేను చెప్పాను."

"వాడికేం తెలుసు, కుర్రవెధవ!" అన్నాడు శౌరయ్య.

అప్పుడు నోరు విప్పింది సంపూర్ణమ్మ. "మొదట్లో నొప్పి ఉండేదా వదినగారూ?"

చెల్లెలు రంగంలోకి దిగిందని శౌరయ్య కాస్త వెనక్కి జారి కూర్చున్నాడు.

"లేదండీ. బఠాణీ గింజలా గట్టిగా తగిలేది, అంతే. నొప్పి లేదు కదా అని నేనూ పట్టించుకోలేదు."

"ఏ రకం అన్నారు?"

"గడ్డలోంచి ముక్క తీసి మూడు పరీక్షలు చేశారు. రెండు హార్మోన్లకీ, హెర్‌టూ అని ఇంకోదానికీ. మూడూ నెగటివ్ అన్నారు. నెగటివ్ అంటే మంచిదేగా అని ఈయన స్వీట్లు తేవడానికి బయల్దేరారు."

మరియదాసు తల దించుకున్నాడు.

"తీరా చూస్తే అది మొండి రకమట. హార్మోన్ మాత్రలకి లొంగదు. వంశంలో లోపం ఉన్నవాళ్ళలో ఈ రకం ఎక్కువ కనిపిస్తుందని జీన్ పరీక్ష కూడా చేయించారు. నాకు అలాంటిదేమీ లేదని తేలింది. మా అమ్మకి ఈ జబ్బు లేదు, మేనత్తలకీ లేదు."

"మేనత్తల సంగతెందుకు?"

"తండ్రి వైపు నుంచీ వస్తుందటండీ. ఆయన నిక్షేపంగానే ఉంటాడు, కూతురికి మాత్రం ఇచ్చేస్తాడు."

సంపూర్ణమ్మ పమిట సర్దుకుంది. "తప్పకుండా ఇస్తాడా?"

"సగానికి సగం అవకాశమట."

శౌరయ్యకి ఇదంతా తను అనుకుని వచ్చిన దారిలో నడవట్లేదనిపించింది. వంశంలో లేదని తేలిపోయాక ఇంక దేన్ని పట్టుకుని గొడవపడాలి? మీసం దువ్వుకుని, "అయితే... పిల్లకి భయం లేదంటారు. సంపూర్ణా, మరి నువ్వేమంటావ్?" అన్నాడు, సగం మెత్తబడి.

మరియదాసు ముఖంలోకి అప్పుడే రక్తం తిరిగొచ్చింది.

"సంబంధం వద్దన్నయ్యా. ప్రకటన ఆపించెయ్" అంది సంపూర్ణమ్మ.

లోపల గది తలుపు ధడాలున పడింది. వినీల ఏడుపు హాల్లోకి వినిపిస్తూనే ఉంది. కృపకి గుండె మండిపోయింది. ఇంకొక్క నిమిషం అక్కడ ఉంటే ఏం అనేస్తానో అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనకే అడుగుల చప్పుడైంది. సంపూర్ణమ్మ.

"ఇంకా ఏం కావాలండీ మీకు?" కృప వెనక్కి తిరిగింది. "నా ఒళ్ళు కోయించుకున్నదీ చెప్పాను, రక్తం పరీక్ష చేయించుకున్నదీ చెప్పాను. నా కూతురి వంశంలో ఏ లోపమూ లేదని మీ చెవులతో విన్నారు. అయినా వద్దంటారా? మీకసలు మనసనేది ఉందా?"

సంపూర్ణమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసింది. కృప చెయ్యి పట్టుకుని, తన పమిట కిందికి తీసుకెళ్ళి ఎడమవైపు ఒకచోట ఆనించింది.

కృప వేళ్ళకి ఆ గట్టిదనం కొత్త కాదు. కోపమంతా ఎటు పోయిందో పోయింది.

"మంగళవారం నా పేరు పిలవకముందే భయపడి లేచొచ్చేశాను" అంది సంపూర్ణమ్మ. "మా అమ్మా, మా అక్కా దీంతోనే పోయారు. అన్నయ్యకి కడుపులో పుండని చెప్పి దాచాం. నేను భయపడింది మీ రక్తానికి కాదు వదినా, మీ పిల్ల కడుపున పడబోయే మా రక్తానికి."