జిప్పు లేని ప్యాంటు

చెల్లెమ్మా, నీ మేనకోడలు ప్యాంటు కుట్టేసింది! సూదిలో దారం ఎక్కించడం కూడా రాని పిల్ల, నా కోసం కుట్టింది!

పాతకాలంలో పడవవాళ్లు వేసుకున్న రకం. గోనెసంచుల్లాంటి కాళ్లు, నడుముకి నాడా. నా నిక్కరు మీదే తొడిగేసింది.

"జిప్పేదే?" అన్నాను.

"లేదు."

"బొత్తామైనా?"

"లేదంటే లేదు. కదలకుండా నిలబడు."

"నా చేత నాటకం వేయిస్తున్నావా?"

"ఇది కుదరకపోతే రేపటి నుంచి నీకు బట్టలు తొడగడానికి ఆయా వస్తుంది. నీ ఇష్టం."

పరాయి మనిషి నాకు ప్యాంటు తొడగడమా! ఒళ్లు మండిపోయింది. కావాలనే కుర్చీలో ధబీమని కూలబడ్డాను. కాళ్ల మధ్య కుట్టు పర్రున చిరిగింది.

"కడుపు చల్లబడిందా నాన్నా?" అని కత్తెర నేలకేసి కొట్టి, ప్యాంటు లాక్కుని వంటింట్లోకి పోయింది.

నాలుగు చీవాట్లు పెడదామనే కాసేపటికి వెనకాలే వెళ్లాను. చిరిగినచోట నలుచదరపు గుడ్డముక్క వేసి కుట్టేసింది. తన బట్టల మీదే ఆ ప్యాంటు తొడుక్కుని, రెండు చేతులకీ మందపాటి ఉన్ని తొడుగులు వేసుకుంది. ఆ మొద్దు వేళ్లతో నాడా ముడి వేస్తోంది. జారిపోతే నన్నే తిట్టుకుంటూ మళ్లీ వేస్తోంది. నా వణుకుడు చేతులకి అది లొంగుతుందో లేదో చూసుకుంటోందమ్మా, నా తల్లి!

ఈ పొద్దున నా అంతట నేనే తొడుక్కున్నాను. ఆయా రావడం లేదు. పెద్దక్కకి చెప్పు, బావకి చెప్పు, చిన్న వదినకి కాస్త గట్టిగా చెప్పు, మా వియ్యపురాలికైతే ముందుగా చెప్పు.