లోపలి అంచు

తలుపు తీసిన గవరమ్మ, గుమ్మంలో కన్నారావుని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"రాముడు లేడు బాబూ" అంది.

"తెలుసు."

"షిప్పెక్కి ఎల్లిపోయాడు. ఏ ఊళ్ళో ఉన్నాడో నాకూ తెల్దు. ఒట్టు."

"నేనడగలేదు" అన్నాడు కన్నారావు. భుజం మీది పనిముట్ల సంచి దించాడు. "మెయిను స్విచ్చెక్కడుంది?"

కన్నారావూ, గవరమ్మ కొడుకు రాముడూ ఒకే మేస్త్రీ దగ్గర వైరింగు పని నేర్చుకున్నారు. ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర గోడౌన్లకీ, ఇక్కడ బ్రూక్షాబాద్‌లో కొత్తగా లేచిన ఇళ్ళకీ కలిసి పనిచేశారు. ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా కన్నారావు ఆమెని "పిన్నీ" అని పిలిచి, అడిగి మరీ చేపల పులుసు వేయించుకునేవాడు. ఇవాళ ఏ వరసా కలపలేదు.

ఆమె మెయిను చూపించింది. అతను దించి కరెంటు ఆపేశాడు.

చెక్క గోడల ఇల్లు. వంటింట్లోంచి పెరటి స్నానాల గది దాకా గోడ వెంబడి ఇనప పైపు. అందులో కరెంటు తీగలు. అంతా రాముడు బిగించిందే. కన్నారావు క్లిప్పులు ఊడదీసి పైపు కిందికి దించాడు. లోపలి తీగ పట్టి లాగాడు. ఒకచోట తీగ మీది తొడుగు పొడుగ్గా చీరుకుపోయి ఉంది. సందులోంచి రాగి మెరిసింది.

పైపు చివర వేలు పెట్టి గుండ్రంగా తిప్పాడు. బయటికి తీసేసరికి వేలికి నెత్తురు.

గవరమ్మ గబుక్కున చెంగు చింపబోయింది.

"అక్కర్లేదు" అని వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

చప్పుడు విని పక్కింటి నూకరత్నం వచ్చింది. వేరే దీవిలోని రంగత్ నుంచి వచ్చి కొత్తగా కాపురం పెట్టింది. గవరమ్మ ఇంటికి ఒక మనిషి రావడం ఆమె చూడటం ఇదే మొదటిసారి.

"పైపులు బాగానే ఉన్నాయి కదా భయ్యా! ఎందుకు పీకేస్తన్నావు?"

"పైకి బాగున్నాయి దీదీ."

కొత్త పైపులు తనే తెచ్చుకున్నాడు. కొలిచి, సుద్దతో గీత పెట్టి, హాక్సా రంపానికి సన్నపళ్ళ బ్లేడు బిగించాడు.

"దాంతోనా? సాయంత్రం దాకా కోస్తావా?" నవ్వింది నూకరత్నం. "మా ఆయన వర్క్‌షాపు గ్రైండరు ఇంట్లోనే ఉంది. మా ప్లగ్గు నుంచి వైరు లాక్కో. జల్దీ అయిపోద్ది."

"వద్దు."

"పోనీ, తిప్పి కోసే కట్టరుంది. అదియ్యనా?"

కన్నారావు రంపం ఆపాడు.

"కట్టరు నొక్కుతూ కోస్తాది. అంచు లోపలికి ముడుచుకుంటాది. గ్రైండరుతో ఐతే గరుకు లేస్తాది. దేంతో కోసినా ఆకురాయి పెట్టి లోపలంతా నున్నగా రాయాల. మిషను పట్టుకున్నోడికి మళ్ళీ ఆకురాయి పట్టే ఓపికుండదు దీదీ."

"రాయకపోతే ఏటవుద్ది?"

"తీగ లాగినప్పుడు తొడుగు కోసుకుపోద్ది. ఇక పైపంతా కరెంటే."

గవరమ్మ తల వంచుకుంది.

రంపం మళ్ళీ కదిలింది. కోసిన ప్రతి ముక్కకీ గుండ్రటి ఆకురాయి పెట్టి రాశాడు. తెగిన వేలితోనే లోపల తడిమాడు. నచ్చకపోతే మళ్ళీ రాశాడు. చెమట గడ్డం మీంచి పైపు మీద పడుతుంటే తుడిచి మరీ రాశాడు.

మధ్యాహ్నం గవరమ్మ అన్నం పెట్టి పళ్ళెం దగ్గరగా జరిపింది. అతను ముట్టుకోలేదు. ఆమె కూడా తినలేదు.

"మీ అబ్బాయి దోస్తేమో దీదీ" అంది నూకరత్నం మెల్లిగా. "అందుకే సొంత ఇంటికి చేసినట్టు చేస్తన్నాడు."

గవరమ్మ పొద్దుటి నుంచి అతని చేతులనే చూస్తోంది.

ఎండ వాలే వేళకి పైపులన్నీ గోడకెక్కాయి. తీగలు లాగడం అయింది. ఎర్తు తీగ కూడా బిగించాడు. ఆఖరి స్క్రూ తిప్పుతుంటే గవరమ్మ పెరట్లోంచి వచ్చింది. స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంది. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"పట్టుకోనా బాబూ?"

"ఏటి?"

"పైపు. నువ్వు మెయినెత్తు. నా తరఫున అడిగేవోళ్ళెవరూ లేరు. నీ మీదికి మాట రాదు."

స్క్రూడ్రైవరు అతని చేతిలో ఆగిపోయింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నేను వచ్చింది అందుకనుకున్నావా?"

ఆమె తడి చేతులు చాచే ఉంచింది.

కన్నారావు పక్కనున్న నీళ్ళ బకెట్లో చేతులు ముంచాడు. తడి చేతులతోనే పైపుని గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వెత్తు పిన్నీ."

"వద్దు బాబూ..."

"ఎత్తు."

"పాగల్ హో క్యా భయ్యా! పిచ్చెక్కిందా!" నూకరత్నం కేక పెట్టింది.

గవరమ్మ కళ్ళు మూసుకుని మెయినెత్తింది.

వంటింట్లో బల్బు వెలిగింది. కన్నారావు పైపు వదల్లేదు. ఆమె కళ్ళు తెరిచేదాకా అలాగే నిలబడ్డాడు. తరువాత పనిముట్లు సంచిలో వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

గవరమ్మ గోడకి చేరబడి కూలబడింది. నూకరత్నం ఆమెని పట్టుకుంది.

"ఏటి దీదీ ఇది? నువ్వు చచ్చిపోతానంటావు, ఆయనేమో కరెంటు పట్టుకుంటాడు! అసలు ఆ భయ్యా మీకేటవుతాడు?"

"కిందటి వానల్లో మిన్నీ బేలో పుట్టింటికెళ్ళి, అక్కడ నా కొడుకు బిగించిన పైపు పట్టుకుని చచ్చిపోయిన పిల్లకి మొగుడు" అంది గవరమ్మ.