తర్వాతి నంబరు

ఆ పెద్దాయన తన ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి ఆమె లాప్‌టాప్ ప్లగ్గు పీకేశాడు.

"బాబాయిగారూ, అది నాదండీ."

"అయ్యో, చూసుకోలేదమ్మా."

మళ్లీ పెట్టబోయాడు గాని ప్లగ్గు చేతిలోంచి జారిపోయింది. ఆమే లేచి పెట్టుకుంది. లేచే ఓపిక కూడా లేదు ఆమెకి, అయినా లేచింది.

టెలిస్కోపు గదంటే ఏదో ఊహించుకునేరు. నాలుగు కుర్చీలు, మూడు తెరలు, మోత పెట్టే ఒక ఏసీ. అసలు టెలిస్కోపు భూమికి అవతలి వైపు ఏదో కొండ మీదుంది, దాన్ని ఇక్కణ్ణుంచే తిప్పుతూ ఈ తెరలమీద చూస్తారు. అక్కడ రాత్రి, ఇక్కడ ఎండ మండిపోయే మధ్యాహ్నం. ఎండకి తాళలేక ఎవరో ఒకరు ఈ ఏసీలోకి వచ్చి కూర్చోవడం మామూలే. ఈయనా ఆ బాపతే అనుకుంది.

తెరమీద మబ్బు. ఆమెకిచ్చిన టైములో ముప్పాతిక భాగం మబ్బే మింగేసింది.

ఈ కాస్త టైము కోసం ఏళ్ల తరబడి దరఖాస్తులు పెట్టింది. నెలాఖరుకి ఫెలోషిప్ అయిపోతుంది. ఈ ఒక్క గెలాక్సీ ఇవాళ కనబడకపోతే ఇన్నాళ్ల చదువూ నీళ్లపాలే.

అక్క ఫోను చేసింది.

"ఏమే, కనబడిందా?"

"మబ్బక్కా."

"ఇంకెన్నాళ్లే ఈ చుక్కల లెక్క? మీ బావ వాళ్ల స్కూల్లో టీచరు ఖాళీ ఉందట. అడగమననా?"

"సాయంత్రం చెప్తాను."

ఫోను పెట్టేసి కళ్లు మూసుకుంది. ఏడుపు వస్తే బాగుండేది, అదీ రాలేదు.

పెద్దాయన ఊరుకునే రకంలా లేడు.

"ఏం చూస్తున్నావమ్మా?"

"గెలాక్సీ అండి. కొత్త నక్షత్రాలు పుట్టడం ఆగిపోతున్న గెలాక్సీ."

"ఎందుకాగుతుంది?"

"పుట్టాలంటే చల్లటి గ్యాసు ఉండాలి. అది ఖర్చయిపోయినా, వేడెక్కినా, పక్క గెలాక్సీలు లాక్కుపోయినా అంతే సంగతులు. పాతవి వెలుగుతూనే ఉంటాయి, కొత్తవి మాత్రం పుట్టవు."

"అంతటా ఒకేసారి ఆగుతుందా?"

"అక్కడే గొడవ. ఈ గెలాక్సీలో ముందు అంచుల్లో ఆగిందని ఎప్పుడో ఒకాయన పుస్తకం రాసి పెట్టాడు. అందరూ అదే చదివి పాసైపోయారు. నేనేమో మధ్యలోనే ముందు ఆగిందంటాను. మా గైడే నవ్వారు."

"మరాయన అంత గట్టిగా ఎలా చెప్పాడో?"

"ఆ రోజుల్లో గెలాక్సీ మీద ఒక గీత వెంబడే చూడగలిగేవాళ్లు. గీత ఎక్కడ పడితే అదే లోకం. ఇప్పుడు ఒక్కో చోటూ విడివిడిగా చూడొచ్చు. చెప్పినా ఆయన వింటాడా? పెద్దవాళ్లకి తమ మాట తప్పంటే గిట్టదు కదా."

అనేశాక నాలుక కరుచుకుంది.

"అది మాత్రం నిజం" అని పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. చాలాసేపు దగ్గాడు. ఆమె నీళ్ల సీసా అందించింది.

అంతలో మబ్బు విడింది. అప్పుడే తెరమీద ఆమె నంబరు ఎర్రబడింది. టైమైపోయింది.

ఈ టెలిస్కోపు దగ్గర పేర్లుండవు, నంబర్లే. పెద్దవాళ్లని చూసి ఎక్కువ, చిన్నవాళ్లని చూసి తక్కువ ఇవ్వకూడదని కమిటీ పెట్టిన పద్ధతి అది. తర్వాతి నంబరు ఎవరిదో ఆమెకి తెలియదు. తెలిసినా వెళ్లి బతిమాలే ఓపిక మిగల్లేదు. వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"కూర్చోమ్మా. తర్వాతి నంబరు నాదే. నువ్వు వాడుకో."

ఆమె నమ్మలేనట్టు చూసింది.

"మరి మీరు చూడాల్సింది?"

"నేను చాలాసార్లు చూశాలే. ఇంకొకళ్లు చూడ్డమే మంచిది."

ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని ఆమె మళ్లీ అడగలేదు.

గెలాక్సీ కొంచెం కొంచెంగా తెరమీదికి వచ్చింది. అంచుల చుట్టూ కొత్త నక్షత్రాల వెలుగు. మధ్యలో పాత నక్షత్రాల మసక ఎరుపు తప్ప ఇంకేమీ లేదు.

పెద్దాయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"మధ్యలోనే ఆగింది" అన్నాడు మెల్లగా. "నువ్వన్నదే నిజం. ఆలస్యం చెయ్యకుండా రాసెయ్యమ్మా."

"రాస్తానండీ" అంది. అప్పటికే ఆమెకి తల తిరుగుతోంది. ఎలా సర్దుకుందో, ఎలా బస్సెక్కిందో గుర్తులేదు. ఆయనకి థాంక్స్ చెప్పిందో లేదో అదీ గుర్తులేదు.

ఆమె వ్యాసం అచ్చుకి ఒప్పుకున్నారు. నవ్విన గైడే ఫోను చేసి మెచ్చుకున్నారు. వ్యాసం చివర కృతజ్ఞతలు రాయబోతుంటే ఆ పెద్దాయన గుర్తొచ్చి సిగ్గేసింది. టెలిస్కోపు గది ఇన్‌ఛార్జికి ఫోను కలిపింది.

"ఆ రోజు తన టైము నాకిచ్చేశారు చూడండి, ఆ పెద్దాయన పేరేంటండీ? ఒకసారి మాట్లాడాలి."



"ఆయన పోయారమ్మా, పోయిన నెలలో. చాలా రోజులుగా ఒంట్లో బాగోలేదు."



"పాపం, ఆ రోజు ఏం చూద్దామని వచ్చారండీ?"

"మీరు చూసిందేనమ్మా, అదే గెలాక్సీ. అంచుల్లో ఆగిందని తను రాసింది తప్పేమోనని అనుమానమొచ్చి, పోయేలోగా తన పుస్తకం తనే దిద్దుకుందామని వచ్చారు."