నీళ్ల చప్పుడు

"జాలీ గీలీ ఏం వద్దు. సందు లేకుంట నిండుగ కట్టు," అంటూ జగదీశ్ గడ్డపారతో మొదటి పోటు తనే పొడిచాడు.

పువ్వుల వరుసలా సందులు వదిలి కట్టిన ఇటుకల జాలీ గోడ అది. ఇటుకలు ఉప్పుపట్టి, పెచ్చులూడి, గోడ మధ్యలో ఉబ్బి అవతల తమ్ముడు చందర్ వాకిట్లోకి వాలింది. ఏటా దసరాకు జగదీశ్ భార్య త్రివేణి దానికి ఎర్రమట్టి జాజు పూసేది. అది రాలుతూనే ఉండేది, ఆమె పూస్తూనే ఉండేది.

"వాలిన కాడికి సరిచేస్తే సాలదా?" అంది త్రివేణి. ఆ మాట ఎన్నిసార్లు అందో, అనడానికి ఆమెకే విసుగ్గా ఉంది.

"వాని మొఖం నాకు కనపడొద్దు."

అల్లం మడి మోటారు దగ్గర మొదలైన గొడవ. శివరాత్రి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. భార్యల ఫోన్లలోంచి ఒకరి నంబరు ఒకరికి లేకుండా తీసేశారు. గేట్లు చెరో గల్లీలోకి. ఇక మిగిలింది ఆ సందులే. మగవాళ్లు డ్యూటీకి పోయాక అటు నుంచి తోడికోడలు నవత చిన్న గిన్నెలో తొక్కు అందించేది. ఇటు నుంచి త్రివేణి జొన్నరొట్టె మడిచి ఇచ్చేది. ఆ కాసేపు తప్పితే, "బువ్వ అయిందా, బనీనేది" అనే మాటలే గాని త్రివేణితో ఇంకో మాట మాట్లాడే మనిషి లేదు.

మేస్త్రీ గుండయ్య కొత్త వరుసలు పేరుస్తుంటే, మిగిలిన ఆఖరి సందులో నవత ముఖం కనిపించింది.

"పోనియ్ అక్కా. గోడ లేస్తెనన్న ఈ లొల్లి తప్పుతది," అంది నీరసంగా.

త్రివేణి జవాబు చెప్పేలోపే గుండయ్య అక్కడ ఇటుక పెట్టి తాపీతో తట్టాడు.

"పొద్దుమాపు రెండు దిక్కులా నీళ్లు కొట్టాలమ్మా. ఎండలు ఘోరమున్నయి. తడి లేదంటే సిమెంటు ఇసుకయితది."

"వాని దిక్కు వాడు కొట్టుకోవాలె," అన్నాడు జగదీశ్, అవతలికి వినపడేలా.

"నా దిక్కు ఫికర్ జెయ్యొద్దని చెప్పు మేస్త్రీ!" చందర్ గొంతు అవతలి నుంచి అంతకన్నా గట్టిగా వచ్చింది.

మర్నాడు పొద్దున త్రివేణి డ్రమ్ములోంచి బకెట్ నింపుకుని గోడ ముందు నిలబడింది. ఇటు చివర నుంచి అటు చివరదాకా ఎక్కడా వేలు దూరే సందు లేదు. చెయ్యి లాగుతోంది. బకెట్ ఎత్తింది. ఎత్తి, నీళ్లన్నీ పక్కనున్న కరివేపాకు చెట్టు మొదట్లో కుమ్మరించింది.

"నీళ్లు కొట్టినవా?" లోపలి నుంచి జగదీశ్ అరిచాడు.

"వినపడ్తలేదా? కొడ్తనే ఉన్న!"

సరిగ్గా అప్పుడే అవతల కూడా బకెట్ కుమ్మరించిన చప్పుడైంది. ఒకటి, వెంటనే ఇంకొకటి. నవత గోడకు నీళ్లు కొడుతోంది. త్రివేణి ఖాళీ బకెట్‌తో అలాగే నిలబడిపోయింది. ఎంత శ్రద్ధ! అంటే దీనికీ గోడే కావాలన్నమాట.

ఆ రోజు నుంచి రెండు పూటలా అదే పని. సాయంత్రం భర్త బండి చప్పుడు వినగానే ఒక చెంబు నీళ్లు గోడ మీద పైపైన చిలకరించేది. బకెట్ మోసీ, అబద్ధం మోసీ త్రివేణి భుజాలు పడిపోయాయి. ఒకసారి ఉండబట్టలేక గోడకు నోరు ఆనించి "నవతా" అని పిలిచింది. బొంబాయి రోడ్డు మీద లారీ హారన్ మోగింది. ఆ తర్వాత అవతల మళ్లీ నీళ్ల చప్పుడే.

'పొయ్యి తల్లీ, బాగ పొయ్యి. గట్టిపడనీ,' అని పళ్లు కొరుక్కుంది.

ప్లాస్టరింగ్ మొదలుపెట్టడానికి వచ్చిన గుండయ్య ఇటుకల మధ్య తాపీ మొనతో గీకాడు. సిమెంటు పొడిపొడిగా జారింది.

"సార్, ఇది నీళ్లు సూడలే."

"ఏం మాట్లాడుతున్నవ్? మా ఇంట్ల రెండు పూటలు కొట్టింది. నా చెవులతోని విన్న!" జగదీశ్ ముఖం ఎర్రబడింది. "కొట్టంది అటుదిక్కు. కావాలని ఎండబెట్టిండు!"

అవతల స్టూలు జరిపిన చప్పుడైంది. గోడ మీదుగా చందర్ తల లేచింది.

"ఎవడు ఎండబెట్టింది? మా నవత పొద్దుమాపు కొట్టింది. నేను గూడ నా చెవులతోనే విన్న!"

"అబద్ధం!"

"నీదే అబద్ధం! ఇటొచ్చి సూడు."

త్రివేణి వెనక్కి జరిగి కరివేపాకు చెట్టుకు అడ్డం నిలబడింది. నవత కొట్టిన మాట నిజమే. ఇక దొరికేది తనే.

"నా దిక్కు రాయి లెక్కున్నది, సూడు!" అంటూ జగదీశ్ అరచేత్తో గోడను చరిచాడు.

గోడ ఒక్కసారి కదిలింది. నడుమ వరుసలు జారి, మనిషి పట్టేంత సందు పెట్టి అవతలికి కుప్పకూలాయి. చందర్ స్టూలు మీంచి పక్కకు దూకాడు. గుండయ్య తల పట్టుకున్నాడు. అన్నదమ్ములు సందుకు చెరోవైపు నిలబడి, శివరాత్రి తర్వాత మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ తిట్టుకోసాగారు.

దుమ్ము తగ్గాక త్రివేణి తొంగిచూసింది. అవతలి వైపు మిగిలిన గోడంతా తెల్లగా, పొడిగా ఉంది. నీళ్లు తగిలిన మరకే లేదు. దాని పక్కన అరటిచెట్టు మాత్రం మోకాలి లోతు బురదలో నిగనిగలాడుతోంది.

చెట్టు పక్కన బకెట్‌తో నిలబడ్డ నవత, త్రివేణి వెనకాల గుబురుగా చిగురించిన కరివేపాకును చూసింది. పొడి గోడను చూసింది. మెల్లగా సందు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"ఆ నీళ్ల చప్పుడు వినుకుంట, నిన్ను ఎన్ని తిట్లు తిట్టుకున్ననో అక్కా!"