గొడుగు సార్

ఎండ మండిపోతున్న వేళ, చంకలో గొడుగుతో ఒకాయన ఖగోళ పరిశోధనశాల కంప్యూటర్ గదిలోకి వచ్చాడు.

“కంపైలర్ మార్చడానికి ఈయన్ని కొత్తగా తీసుకున్నాం. పక్కనుండి అన్నీ చూపించమ్మా,” అన్నాడు డైరెక్టర్, అక్కడ పనిచేసే అమ్మాయితో.

ఆమె ఆయన్ని ఇట్టే గుర్తుపట్టింది. గొడుగు సార్.

తను బడికి వెళ్ళే రోజుల్లో అక్క ఆఫీసులో ఒకసారి చూసింది. అక్కకు పైఅధికారి. ఆ మరుసటి ఏడే అక్క ఉద్యోగం ఊడింది. తలుపేసుకుని అక్క వెక్కివెక్కి ఏడుస్తుంటే, మాటల మధ్య వినబడింది ఆయన పేరొక్కటే.

ఆయన దొరికితే వదలనని అప్పుడే అనుకుంది. ఇన్నాళ్ళకు దొరికాడు.

“ఇక్కడ ప్రతి ప్రోగ్రామూ రాసిన కోడ్ నుంచి మనమే తయారు చేసుకోవాలి కదమ్మా,” అన్నాడాయన కుర్చీ లాక్కుంటూ. “తయారు చేసేది కంపైలరే. అది చెడితే అన్నీ చెడినట్టే. అందుకే కొత్తదాన్ని పాతదాని పక్కనే విడిగా పెడుతున్నా. ఇది కుదురుకునేదాకా పాతదాని జోలికి పోను. దానికి ఇంకో కాపీ ఉందా?”

“ఉంది సార్. నేనే దాచాను.”

కొత్త కంపైలర్ చిన్న ప్రోగ్రాములన్నీ చక్కగా తయారు చేసింది. ఆయన భోజనానికి లేచాడు.

ఆమె పాత కంపైలర్‌ని తీసేసింది. ప్రోగ్రాములు నడవడానికి కావలసిన దాని లైబ్రరీ ఫైళ్ళని తీసేసింది. దాచిన కాపీని కూడా తీసేసింది.

ఆయన తిరిగొచ్చి, దుర్భిణిని నడిపే పెద్ద ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. కొత్త కంపైలర్ మొండికేసింది.

“ఏం పర్లేదు, పాతదానికి వెళ్ళిపోదాం,” అన్నాడు తాపీగా.

వెళ్ళడానికి పాతది లేదు. లైబ్రరీలు పోయాక, అప్పటిదాకా దుర్భిణిని నడిపిన ప్రోగ్రామ్ కూడా తెరుచుకోలేదు.

ఆ సాయంత్రమే ఒక తోకచుక్కను ఫొటో తీయాలి. అది మళ్ళీ ఇటు వచ్చేసరికి ఆ గదిలో ఉన్నవాళ్ళెవరూ బతికుండరు.

డైరెక్టర్ మొహం కందగడ్డయింది. “పాతది ఉంచుకోకుండా ఎవరైనా మారుస్తారా? ఇదేనా మీ అనుభవం?”

గొడుగు సార్ ఆమె వైపు చూశాడు. మెడలోని కార్డు మీద, అక్కకూ ఉన్న ఆ ఇంటిపేరు చదివినట్టున్నాడు, దాచిన కాపీ మాట ఎత్తలేదు.

“చూసుకోవలసింది నేనే,” అన్నాడు డైరెక్టర్‌తో.

ఉద్యోగం పోగొట్టుకుని ఆయన గేటు దాటేదాకా ఆమె కిటికీలోంచి చూసింది. కడుపు చల్లబడింది.

ఇంటికెళ్ళి, చెప్పులు విప్పకముందే చెప్పేసింది. “నీ ఉసురు పోసుకున్నవాణ్ణి ఇవాళ రోడ్డు మీదికి లాగానక్కా.”

“ఎవర్నే?”

“గొడుగు సార్‌ని. నీ ఉద్యోగం తీయించినవాణ్ణి.”

మడతపెడుతున్న దుప్పటి అక్క చేతిలోంచి జారిపోయింది.

“ఆయన తీయించాడని నీకెవరు చెప్పారు?”

“ఆ రోజు ఆయన పేరు చెప్పుకుని ఏడవలేదూ నువ్వు?”

కింద పడ్డ దుప్పటిని దాటుకుని అక్క దగ్గరికొచ్చింది.

“ఏడ్చింది ఆయన కోసమే. ఆఫీసు డబ్బు తీసిన తప్పు నాది. నన్ను పోలీసులకు పట్టించబోతుంటే, ఆ పని చేయమంది తనేనని అబద్ధమాడి, నాతోపాటు తన ఉద్యోగమూ పోగొట్టుకున్నాడే ఆయన.”