అమ్మమ్మ చెట్టు వేరు

"ముందు నన్ను కొట్టు, తర్వాత చెట్టును కొడుదువు గాని" అంటూ యూనిస్ అడవి ఆపిల్ చెట్టుకు వీపు ఆనించి నిలబడింది.

ఎదురుగా చెల్లెలి కొడుకు ట్రెవర్, చేతిలో మోటారు రంపం. పడవల రేవుకు ఊరి సంఘం కొత్త దారి వేయిస్తోంది. ఎర్రగుడ్డ పీలికలు కట్టిన గూటాలు నది ఒడ్డు నుంచి వరసగా వచ్చి చెట్టు మొదట్లో ఆగాయి.

పాత కుటుంబాలు సాకిన చెట్ల జోలికి పోవద్దని సంఘం తీర్మానం ఉందని ట్రెవర్ ఒప్పుకున్నాడు. కానీ ఈ చెట్టు అంత పాతదిలా లేదన్నాడు.

యూనిస్‌కు ఒళ్లు మండింది. నదిలో కొట్టుకుపోయిన పాత చెట్టు మొదలు నుంచే ఇది చిగిర్చిందని చెప్పింది. పిల్లల చేతికందని కొమ్మ ఉండకూడదని అమ్మమ్మ కొమ్మలకు రాళ్లు కట్టి వంచేది. తొలి మంచు పడ్డాక కాయల గుత్తులు కోసి, చెక్కపెట్టెలో నీళ్లు పోసి నిలవబెట్టేది. చలికాలం విందులో ఆ పెట్టె మూత తీస్తే పులుపు వాసన ఇల్లంతా కమ్ముకునేది. చేపనూనె కలిపి తలా ఒక చెంచా పెట్టేది. చెప్తుంటే డెబ్బై ఏళ్ల యూనిస్ గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది.

ట్రెవర్ రంపం కింద పెట్టాడు. "మామయ్యా, నువ్వు చెప్పు. ఇది మీ అమ్మమ్మగారి చెట్టు వేరు నుంచి వచ్చిందేనా? అవునంటే ఇప్పుడే వెళ్లిపోతాను."

యూనిస్ తమ్ముడు ఆంబ్రోస్ అంతసేపూ కొమ్మల మీది నాచు గీకుతూనే ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లుగా ఆ చెట్టుకు చేపముళ్లు ఎరువేసిందీ, ఎలుగుబంట్లు విరిచిన కొమ్మలకు కట్లు కట్టిందీ అతనే. అవునంటే సరిపోయేది. అక్క ముఖం చూశాడు. టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"కాదు" అన్నాడు. "పాత చెట్టు కొట్టుకుపోయిన ఏడు వరదకి మొదలు కూడా మిగల్లేదు. అవతలి ఒడ్డు నుంచి మొక్క తవ్వి తెచ్చి ఈ గుంటలో పెట్టాను. అక్కకు అబద్ధం చెప్పాను. అమ్మమ్మ నాకు అప్పగించిన చెట్టు అది. పోగొట్టానని ఏ మొహంతో చెప్పను?"

యూనిస్ చెట్టు దగ్గర నుంచి కదల్లేదు.

ట్రెవర్ కాసేపు గూటాల వైపు చూశాడు. తర్వాత వంగి చెట్టు మొదట్లోని గూటం పీకాడు. "తీర్మానంలో కుటుంబం సాకిన చెట్టు అని రాశారు గానీ, ఏ తరం సాకిందో రాయలేదు" అంటూ పది అడుగులు పక్కకు నడిచి అక్కడ పాతాడు. మిగతావీ అలాగే జరిపి, రంపం తీసుకుని వెళ్లిపోయాడు.

అక్కాతమ్ముళ్లిద్దరే మిగిలారు. ఆంబ్రోస్ తల ఎత్తలేదు. ప్రతి ఏడూ అక్క తానుండే ప్రిన్స్ రూపర్ట్ పట్నం నుంచి పడవెక్కి వచ్చి, అమ్మమ్మ చెట్టని దీన్ని కావలించుకుంటుంటే తనకు నిద్ర పట్టేది కాదన్నాడు. తిట్టాలనుంటే తిట్టమన్నాడు.

యూనిస్ అతని చేతిలోంచి టోపీ తీసుకుని, దులిపి, అతని తల మీద పెట్టింది.

"నది దాన్ని వేళ్లతో సహా పట్టుకుపోయిందని అమ్మ ఆ వారమే ఉత్తరం రాసిందిరా. నేను మొదటిసారి పడవెక్కి వచ్చింది నిన్ను ఓదార్చడానికి."