సందులో వెలుతురు

"ఇంకోటి కొయ్యండి బాబూ. ఇది సరిపోలేదు."

కోసిన చెక్కను అట్టముక్కకు ఆనించి, గుమ్మం వైపు వెలుతురుకు ఎత్తి చూసి, ఆ మనిషి మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

బంగార్రాజుకు చిర్రెత్తుకొచ్చింది.

తొంభై ఆరు నాటికి చోడవరంలో కరెంటు మీద నడిచే సన్నరంపం మెషిను అతని షాపులోనే ఉంది. దేవుడి మందిరాలకు లతలూ పువ్వులూ కోస్తాడు. మెషిను బల్లను పక్కకు వాలిస్తే చెక్క అంచు ఏటవాలుగా తెగుతుంది. ఎంత వాలిందో బల్ల కింద సూది చూపిస్తుంది.

"సూది ఆరు మీదుంది. పోయినేడూ ఆరు మీదే కోసేను. ఇంకేటి?"

"సూది సూపిస్తాది బాబూ. పాదం ఒప్పుకోవాల కదా. పోయినేడు పిల్ల రెండో కాలికి కొట్టుకుని పుండు పడిపోనాది."

ఏటా చెరకు సీజనులో వస్తాడా మనిషి. చంకలో తేలికపాటి అంకుడు చెక్క, చేతిలో రెండు అట్టలు. ఒకదాని మీద చిన్న పాదం గీసి ఉంటుంది. రెండోది వాలు కొలత.

ఒక కాలు పొట్టిదైన పిల్లకు చెప్పు కింద వేసే ఎత్తు చెక్క అది. కింద వెడల్పుగా ఉండి, పైకి పాదమంత కావాలి. వాలు తగ్గితే మడమ పక్కకు తిరగబడుతుంది. పెరిగితే రెండో కాలికి కొట్టుకుంటుంది.

"అట్టకి ఆనిస్తే సందులో వెలుతురు రాకూడదు బాబూ. అంతే."

అప్పుడే రోడ్డు మీద చెరకు ట్రాక్టరు వచ్చింది. వెనక పిల్లలు గెడలు లాగుతూ పరిగెడుతున్నారు.

ఆ మనిషి చెక్క పడేసి రోడ్డు మీదికి ఉరికాడు.

"ఒరే! వదిలేండ్రా! సక్రం కిందికెళ్ళిపోతార్రా!"

పిల్లలు గెడలతో సహా నవ్వుకుంటూ పారిపోయారు. అతను తిరిగొచ్చి అట్ట పట్టుకోబోతే చేతులు వణికి జారిపోయింది.

"సెరకు గెడ లాగని గుంటడు ఈ ఊళ్ళో ఉన్నాడేటి? నేనూ లాగేను. నీ సొమ్మేటి పోయింది?" అన్నాడు బంగార్రాజు.

"ఒకప్పుడు నేనూ సెరకు ట్రాక్టరు తోలేను బాబూ. ఎనక ఏటవుతందో ముందున్నోడికి తెలీదు."

"ఊళ్ళో పిల్లల మీదున్న బెంగ నీ పిల్ల మీద లేదే! ఒక్కసారి తీసుకొస్తే నిలబెట్టి కొలత తీసుకుంటాను కదా. ఈ అట్టలతో ఎన్నాళ్ళు సంపుతావు? తండ్రివేనా నువ్వు?"

ఆ మనిషి కింద పడిన అట్టను తీసి దుమ్ము దులిపాడు.

"పిల్లని తెస్తేనే కోస్తాను. నేకపోతే రాకు."

"పిల్లొస్తే సరిగ్గా కోస్తారా బాబూ?"

"ముందు తే. సూద్దాం."

"అయితే ఈ అట్ట మీ కాడే ఉంచండి."

వాలు అట్టను మెషిను మీద పెట్టి వెళ్ళిపోయాడు.

తరవాతి వారం ఒక ముసలామె, పదేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకొని షాపు మెట్లెక్కింది. పిల్ల కాలి కింద చెక్క చిన్నదైపోయి మడమ బయటికొచ్చేసింది. ఆ చెక్క తను కోసిందేనని బంగార్రాజు గుర్తుపట్టాడు.

"రోలుగుంట కాణ్ణించొచ్చేం బాబూ. నా పేరు అచ్చియ్యమ్మ. ఇది నా మనవరాలు, సిన్నారి."

"మొత్తానికి తెచ్చేరు! మీ అబ్బాయేడీ?"

"మా అబ్బాయి ఇశాపట్నంలో కూలికెళ్తన్నాడు. ఆడు మీకెలా తెలుసు?"

"మరి ఈ సెక్కలు కోయించేది?"

"ఆ బాబేనా! ఆసుపత్రి మనిషంట. ఏటా వచ్చి దీని పాదం గీసుకెళ్ళేవోడు. ఎండన పడొచ్చేడని మంచినీళ్ళిస్తే ముట్టుకోడు. మా ఇంట తాగడానికి నామోషీ కాబోలనుకున్నాను. మొన్నొచ్చి, ఇకమీద మీరే తీసుకెళ్ళండమ్మా, నేను రాను, అనీసి ఎళిపోనాడు."

"పేరేటంట?"

"ఏనాడూ అడగనేదు. మీకూ తెలీదా?"

తెలీదు. ఇన్నేళ్ళలో బంగార్రాజూ అడగలేదు.

పిల్లను నిలబెట్టి కొత్త చెక్క మీద పాదం గీశాడు. బల్ల కింది మర తిప్పి వాలుస్తూ అడిగాడు.

"కాలికేటయిందే?"

"సెరకు ట్రాక్టరు ఎనకాల గెడ లాగి పడిపోయేను. సక్రం ఎక్కీసింది," అంది చిన్నారి.

మర మీద అతని చెయ్యి ఆగిపోయింది.

"ఆ డ్రైవరెవడో గానీ బాబూ, ఎనక్కి తిరిగైనా సూడకుండా తోలుకుపోనాడు," అంది అచ్చియ్యమ్మ. "మొకం కూడా సూడనేదు మేం. ఆడి సేతులు పడిపోను!"

ఆ చేతులు ఎలా వణికాయో బంగార్రాజు చూశాడు.

సూదిని ఆరు మీద పెట్టి, ఒక పనికిరాని ముక్క కోశాడు. అట్టకు ఆనించి గుమ్మం వైపు ఎత్తాడు.

సందులో సన్నగా వెలుతురు.

అంటే ఇన్నేళ్ళూ సూదిదే తప్పు.

మర వెంట్రుకవాసి తిప్పి ఇంకోటి కోశాడు. ఇంకా వెలుతురు.

"బాగానే ఉంది కదా బాబూ," అంది అచ్చియ్యమ్మ.

"లేదమ్మా. ఇంకోటి కోస్తాను."

ఈసారి సందు లేదు. బల్లను అక్కడే బిగించి అసలు చెక్క కోసి, పాత చెప్పు కింద కట్టి ఇచ్చాడు.

చిన్నారి గుమ్మం దాకా నడిచింది. వెనక్కి తిరిగి నడిచింది. కాలికి కాలు తగల్లేదు.

"ఆ మావయ్యొస్తే సరిపోయిందని సెప్పండేం!" అంది.

బంగార్రాజు తలైతే ఊపాడు గానీ, రావద్దని తరిమింది తనేననీ, వెనక్కి తిరిగి చూడలేదని వాళ్ళు తిట్టుకుంటున్న ఆ డ్రైవరు ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాడనీ చెప్పలేకపోయాడు.